మంగళవారం నాటి తృప్తి

మనిషి కనిపెట్టినవాటిలో అన్నిటికంటే గొప్పది ఏది? చక్రం అంటారు కొందరు. నిప్పు అంటారు మరికొందరు. మా తమ్ముడి కొడుకైతే సెల్‌ఫోన్ అంటాడు. అందరూ పొరబడ్డారు! అన్నిటికంటే గొప్పది తృప్తి. ఉన్నచోట కూర్చుని, ఉన్నది తిని, లేనిది అడక్కుండా ఉండటం. ఈ విద్యలో మా ఫాంటే జాతివాళ్ళ తీరపు జాలరులను మించినవాళ్ళు భూమ్మీద లేరని ఢంకా బజాయించి చెబుతాను.

అనుమానం ఉంటే మంగళవారం నాడు మా ఊరికి రండి. పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. ఆ రోజు సముద్ర దేవుడు బోసొంపో విశ్రాంతి తీసుకుంటాడు కాబట్టి ఎవరూ వేటకు వెళ్ళకూడదు. వెళ్ళినవాడు ఒక గొర్రె, ఒక సారా సీసా జరిమానా కట్టాలి. మా మగవాళ్ళు ఆ రోజంతా వలలు బాగుచేసుకుంటూ, పులిసిన మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన కెంకే ముద్దను మిరపకాయ పచ్చడిలో అద్దుకు తింటూ, పక్కవాడి పెళ్ళాం గురించి గొంతు తగ్గించి చెప్పుకుంటూ గడిపేస్తారు. నాగరికత అంటే ఇంతకంటే ఏముంటుంది?

దీనికి విరుగుడు లేని శత్రువు ఒకటుంది. దాని పేరు ఆశయం. అది ముదిరితే అన్వేషణ అంటారు.

ఆ జబ్బు చేసినవాళ్ళను మా తీరం ఐదు వందల ఏళ్ళుగా చూస్తోంది. పోర్చుగల్ దేశంలో కొంతమంది మగాళ్ళకు ఇంటిపట్టున కూర్చోబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో వాళ్ళ ఆడవాళ్ళను అడగాలి. ఓడలెక్కి వచ్చి, మా రాతిగుట్ట మీద దిగి, మమ్మల్ని కనుగొన్నామన్నారు. మేమెక్కడ తప్పిపోయామని? మా తాతలు తృప్తిపరులు కాబట్టి ఆ మాట అడగలేదు. కూర్చోండి అన్నారు, మంచినీళ్ళిచ్చారు. వాళ్ళు కూర్చున్నారు. కోట కట్టుకుని మరీ కూర్చున్నారు! ఆ తర్వాత ఆ కోట కింది చీకటి గదుల్లోంచి మనుషులను ఓడలెక్కించి సముద్రం దాటించారు. ఎక్కినవాళ్ళలో ఒక్కరికీ అన్వేషణ మీద మోజు లేదు.

మావాళ్ళలోనూ ఈ జబ్బు అప్పుడప్పుడు తగిలింది. మా ముత్తాతల కాలంలో కొందరు ఒంటిమాను పడవల్లో తెడ్లు వేసుకుంటూ గాబన్ దాకా, కాంగో దాకా వెళ్ళారు. పుస్తకాల్లో వాళ్ళ పేర్లు వెతికాను. నాకైతే ఒక్కటీ దొరకలేదు. ఓడలో వచ్చినవాడు అన్వేషకుడు, పడవలో వెళ్ళినవాడు చేపలకొచ్చిన పరాయివాడు. కాబట్టి దీని నీతి ఏమిటి? ఇంట్లో కూర్చోవాలి!

ఇక చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళ సంగతి. అంత ఖర్చుపెట్టి ఏం తెచ్చారు? రాళ్ళు! మా రేవులో కావలసినన్ని ఉన్నాయి. ఒక్క మాట చెబితే మేమే మోసి పెట్టేవాళ్ళం.

అందుకే ఎడూఫుల్ గారు మా ఊళ్ళో తృప్తి మీద సెమినార్ పెడతానన్నప్పుడు నేను పొంగిపోయాను. ఆయన రాజధానిలో ఉంటారు. ఎన్ని ఇళ్ళున్నాయో ఆయనకే సరిగ్గా గుర్తుండదు. మా సముద్రంలో పెద్ద వలను ఈడ్చుకుంటూ తిరిగే ఒక ట్రాలర్ ఓడకు లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. ఓడ విదేశీ కంపెనీది. ఆయనది వాటా మాత్రమే. అంటే ఓడ ఆయనది కాదు, ఓడలోంచి వచ్చేది ఆయనది. ఇంత నిరాడంబరత మీరెక్కడైనా చూశారా?

మగాళ్ళందరూ ఒడ్డునే దొరుకుతారని సభ మంగళవారం నాడే పెట్టారు. ఆయన్ని దించాక కారు మా సందులో తిరగలేక, వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ పోయింది. మైకు నాకు అప్పగించారు. అక్షరం ముక్క వచ్చి కూడా ఏ పనీ లేనివాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే కదా!

"అన్నలారా, తమ్ముళ్ళారా! మిమ్మల్ని చూస్తుంటే నాకు అసూయగా ఉంది," అన్నారాయన చెమట తుడుచుకుంటూ. "బ్యాంకుల గొడవ లేదు, బీపీ లేదు. పొద్దున లేస్తే సముద్రపు గాలి! మీ తాతలకు ఇంజన్లున్నాయా? ఐసు పెట్టెలున్నాయా? అయినా హాయిగా బతకలేదా? చేప తగ్గిందని ఎందుకు ఏడుస్తారు? తక్కువ తినండి, ఎక్కువ నవ్వండి!"

నేను చప్పట్లు కొట్టాను. జనం కూడా కొట్టారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఓ గొంతు మాత్రం తేలింది.

"ఆ పొట్ట కాస్త తగ్గించుకోమని బాబుగారికి ఎవరన్నా చెప్పండర్రా! అసూయ అదే తగ్గుద్ది!"

ఆమె ఎకువా. చేపలు పొగబెట్టి సంతలో అమ్ముతుంది. నోటికి జంకు లేదు. ఆమె మొగుడు, పడవ సరంగు అబెకు, పక్కనే తలొంచుకుని నవ్వాడు.

ఈ అబెకు గురించి చెప్పాలి. మా ఊళ్ళో ఆశయం ముదిరిన కేసు ఇతనే. మా పడవల మీద అందరూ దేవుడి దయ అనో, అమ్మ ఆశీస్సు అనో రాయించుకుంటారు. ఇతను మాత్రం 'ఇంకొంచెం దూరం' అని రాయించుకున్నాడు! నీళ్ళు నల్లబడే చోటు దాటితే ఏముందో చూడాలట. పెద్ద ఇంజను కావాలట, ఐసు పెట్టె కావాలట, నాలుగు రోజులు లోపలే ఉండి రావాలట.

"ఎందుకురా నీకీ కొరివి? ఉన్నచోట వల వేసుకోరాదూ?" అని మందలించాను ఒకసారి.

"ఒడ్డున చేప లేదు బాబాయ్. అదున్న చోటికి నేనెళ్ళాలి గానీ, నా ఇంట్లో కెంకే తినడానికి అది రాదుగా!"

మా జాలరి పెద్ద ఎజీర్ ఈ మాట విని పళ్ళు లేని నోటితో నవ్వాడు. ఊళ్ళో వేట తగువులన్నీ తీర్చేది ఆ ముసలాయనే. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట! ముందు నీ వలకున్న కంతలు కుట్టుకోరా," అన్నాడు.

కుట్టుకున్నాడు పాపం. వల ఒకటే ఉంది అతనికి. పడవలో కళాసీల కడుపు, ఎకువా పొగపొయ్యిలో మంట, ఇద్దరు పిల్లల బడి, అన్నీ ఆ ఒక్క వల మీదే. చిరిగిన ప్రతిచోటా పసుపు నూలుతో కుట్టాడు. ఆ నూలు ఎకువా తన మంచి గుడ్డ అంచులోంచి లాగి ఇచ్చింది.

సెమినార్ అయ్యాక వచ్చిన ఆదివారం ఆ వలను సముద్రంలో వేసి వచ్చాడు. సోమవారం పొద్దున్నే వెళ్ళి చూస్తే వల లేదు. వలకు కట్టిన బెండ్లు మాత్రం తెగి తేలుతున్నాయి. ట్రాలర్ ఓడ ఈడ్చుకుపోయిందని అబెకు అన్నాడు. కెరటం ఈడ్చుకుపోయి ఉంటుందని మేమన్నాం. కెరటం మీద నేరం మోపితే ఎవరికీ ఇబ్బంది లేదు.

తృప్తిపరుడైతే అక్కడితో ఆగేవాడు. ఇతను మంగళవారం నాడు పడవను నీళ్ళలోకి తోశాడు! పట్టపగలు, ఊరంతా చూస్తుండగా!

"ఒరేయ్, ఇవాళేం వారమో తెలుసా?" అని అరిచారు ఒడ్డు నుంచి.

"తెలుసు. వల లేదు, గాలం లేదు. నా వల వెతుక్కోడానికి పోతన్నా. వెతకడం వేట కాదుగా!"

చూశారా, అన్వేషణ ఎంత ప్రమాదకరమో? ఇతను వెతుక్కుంటూ వెళ్ళి ఏం కనుగొన్నాడయ్యా అంటే, ట్రాలర్ ఓడను! ఓడలు దాటి రాకూడదని చట్టం పెట్టిన హద్దు ఒకటుంది. ఆ హద్దుకు ఇవతల, మా ఒడ్డుకు ఎంత దగ్గరగా అంటే, డెక్కు మీద ఆరేసిన చొక్కాల రంగులు కనబడేంత దగ్గరగా, మా సముద్రం అడుగును ఊడ్చుకుంటూ పోతోంది. మంగళవారం మా పడవలు రావని వాళ్ళకు మాకంటే బాగా తెలుసు.

అబెకు ఒడ్డుకొచ్చి గొంతు చించుకున్నాడు. ఓడ మాట ఎవరూ పట్టించుకోలేదు. మంగళవారం నాడు నీళ్ళలో దిగాడన్న మాట అందరూ పట్టించుకున్నారు. దొంగను చూడబోయినవాడిదే తప్పని తేల్చి, మర్నాడు పంచాయితీ అన్నారు.

పడవలు చెక్కే పాక కింద బుధవారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. అబెకు వాదన సూటిగానే ఉంది. ఉత్త చేతులతో వెళ్ళాడు, ఉత్త చేతులతో వచ్చాడు. ఒక్క చేపైనా పట్టాడా? పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. మందలించి వదిలేద్దామని గొణుక్కున్నారు కూడా. అంతలో ఎకువా నెత్తిన బేసిన్‌తో లోపలికొచ్చింది.

ఆ బేసిన్ సంగతి కూడా చెప్పాలి. ట్రాలర్ వాళ్ళు పెద్ద చేపలను ఉంచుకుని, చిన్నవాటిని ఐసు దిమ్మలుగా గడ్డకట్టించి, మధ్యవర్తుల చేత మాకే అమ్మిస్తారు. మా ఆడవాళ్ళు కొనుక్కుని పొగబెట్టుకుంటారు. ఎంత సౌకర్యం! మా చేపనే మాకు ఐసులో పెట్టి ఒడ్డుకు తెచ్చిస్తుంటే, ఇంకా పడవలెందుకు, ఇంజన్లెందుకు?

ఎకువా అలాంటి దిమ్మనొకటి కొని ఆ పొద్దున ఎండలో కరగబెట్టింది. వేలెడంత చేపపిల్లల మధ్యలోంచి పసుపు నూలు కుట్లున్న వల ముక్క బయటపడింది. దాన్ని తెచ్చి ఎజీర్ కాళ్ళ ముందు పడేసింది.

"ఇది నా మొగుడి వల కాదని అనండి చూద్దాం! కెరటం ఎత్తుకుపోయిందన్నారుగా? కెరటం ఐసు కడతదా? కెరటం దిమ్మలు అమ్ముద్దా?"

 ఎజీర్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అబెకూ, ఇది నీ వలేనా?"

"నాదే పెద్దయ్యా."

"నిన్న ఆ ఓడ వేటాడుతుంటే కళ్ళారా చూశావా?"

"చూశాను."

"నీ వల దాని వలలోనే చిక్కుకుని ఉందంటావు?"

"అంతేగా మరి! ఇంకెక్కడుంటది?"

"అయితే నీ వల మంగళవారం నాడు సముద్రంలో ఉంది. చేపతో కలిసి పైకొచ్చింది. మంగళవారం నీ వల వేట చేసినట్టే లెక్క. గొర్రె, సారా సీసా. వచ్చే మంగళవారం గొర్రెను సముద్రానికి ఇచ్చేదాకా నీ పడవ ఇసుక దిగకూడదు."

ఆహా, ఏమి తీర్పు! వల పోగొట్టుకున్నవాడికి, ఆ పోయిన వల దొంగచేతిలో ఉండగా చేసిన నేరానికి జరిమానా! సాక్ష్యం తెచ్చింది కట్టుకున్న పెళ్ళాం! ఇలాంటి న్యాయం పెద్ద పెద్ద కోర్టుల్లో కూడా దొరకదని నేను గర్వంగా చుట్టూ చూశాను.

"నీ పెద్దరికం ఉప్పెనలో కొట్టుకుపోను!" అంది ఎకువా. నలుగురు ఆడవాళ్ళు ఆమె నోరు మూసి పక్కకు లాక్కెళ్ళారు.

అబెకు మాత్రం నెమ్మదిగా లేచాడు. "సరే పెద్దయ్యా, నా గొర్రె నేనిస్తాను. మరి ఆ ఓడ గొర్రె ఎవరడుగుతారు?"

"ఓడ మనది కాదు. దాని సంగతి బోసొంపో చూసుకుంటాడు."

"అయితే నా సంగతి కూడా ఆయన్నే చూసుకోనీ. మధ్యలో మీరెందుకు?"

ముసలాయన కర్ర ఊనుకుని లేచి, పంచాయితీ ముగిసిందన్నాడు.  నేను ఇంటికొచ్చి కెంకే ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పచ్చడిలో కారం ఎక్కువైందనుకున్నాను.

ఆ వారమంతా అబెకు తన పడవ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. కళాసీలు ఒక్కొక్కరే వేరే పడవలు చూసుకున్నారు. ఎకువా చల్లారిన పొయ్యిలో బూడిద ఎత్తి పోసింది, పోయడానికి ఇంకేమీ లేనప్పుడు కూడా చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉంది. అబెకు సముద్రం వైపు చూడటం మానేశాడు. తృప్తి అంటే ఇలా ఉంటుందని నేననుకోలేదు.

అయినా నా బాధ్యత నేను మరువలేదు. ఎడూఫుల్ గారికి ఫోన్ చేసి తీర్పు సంగతి చెప్పాను. ఆయన ఆనందానికి హద్దు లేదు.

"చూశారా, మీ సంప్రదాయం ఎంత గొప్పదో! ఈ మంగళవారం నియమం ప్రాణం పోయినా వదలొద్దని చెప్పండి. ఆ కుర్రాడు గొర్రె ఎక్కడ తెస్తాడు పాపం, నేనే పంపిస్తాను!"

అన్నట్టే పంపించారు. బలిసిన గొర్రె. మా వీధిలో అంత తృప్తిగా తిన్న ప్రాణిని నేనెప్పుడూ చూడలేదు.

మంగళవారం వచ్చింది. మా ఆచారం ప్రకారం జరిమానా గొర్రెను తప్పుచేసినవాడి పడవలోనే తీసుకెళ్ళాలి. ఊళ్ళో మిగతా పడవలన్నీ వలలు దింపేసి తోడు వెళ్ళాలి. మొక్కు వేట కాదు కాబట్టి ఆ ఒక్క పనికి మంగళవారం అడ్డురాదు. ఎజీర్ తెల్లగుడ్డ కప్పుకుని అబెకు పడవ ముందుభాగంలో కూర్చున్నాడు. పక్కన గొర్రె. దాని పక్కన నేను. డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్ళు కూడా పడవలెక్కి పాట అందుకున్నారు.

అబెకు ముభావంగా ఇంజను తాడు లాగాడు. "ఎటు పెద్దయ్యా? ఎప్పట్లా రాతిగుట్ట దగ్గరికేనా?"

"బోసొంపో అక్కడ లేడురా," అన్నాడు ముసలాయన. "మంగళవారాలు అక్కడ ఒకటే రొద. నిద్ర పట్టక, ఆ రొద చేసేది ఎవరో చూద్దామని అటేపు పోయాడు."

కర్ర ఎత్తి చూపించాడు. అటువైపు ట్రాలర్ ఓడ ఉంది.

అప్పుడు వెలిగింది నాకు! దోషి లేకపోతే గొర్రె లేదు. గొర్రె లేకపోతే మంగళవారం నాడు మా ఊరి పడవ ఒక్కటి కూడా నీళ్ళలో దిగే వీల్లేదు. అబెకు కూడా ఆ ముసలి మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత ఇంజను గట్టిగా తిప్పాడు.

మేము వెళ్ళి ఓడ చుట్టూ ఆగాం. ముందు పడవలు, వెనక పడవలు, పక్కల పడవలు. ఎజీర్ సారా పోసి మొక్కుకున్నాడు, గొర్రెను సముద్రానికి ఇచ్చాడు. ఆ తర్వాత అందరూ తిరుగుముఖం పట్టాలి కదా? ఎవరూ కదల్లేదు. ఒక్కరూ రాయి విసరలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఎకువాను నోరు మూయించి కూర్చోబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆమె కూడా కూర్చుంది. ఆకులు విప్పి కెంకే తిన్నారు. కొందరు పడుకున్నారు. ఓడ వల దించాలంటే ఎటు చూసినా ఎవడో ఒకడు కునుకు తీస్తున్నాడు!

ఓడవాళ్ళు హారన్ మోగించారు. మాకు తెలియని భాషలో అరిచారు. ఒక దశలో ఓడ మా పడవ మీదికే వచ్చింది. నీళ్ళు లేచి పడవలో పడ్డాయి. దాని ముందుభాగం నా నెత్తి మీదికి గోడలా వస్తుంటే, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, తెలియనివాళ్ళను కూడా. అబెకు చెయ్యి ఇంజను మీదికి పోయింది.

"కూర్చోరా," అన్నాడు ఎజీర్.

అబెకు కూర్చున్నాడు. కాసేపటికి ఓడ ఇంజను ఆగిపోయింది.

అబెకు వల మళ్ళీ రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తలా కాస్త వల కోసి ఇస్తామని పక్క పడవలవాళ్ళు అన్నారు, అతను తల ఊపాడు. నేను కూడా ఒక నిజం చెప్పేస్తాను. మంగళవారం మంచిదే. సముద్రానికి ఒక రోజు వదిలేయాలని తెలిసినవాళ్ళం మేము. మేము వదిలిన ఆ రోజును ఇంకొకడు ఏరుకుపోతూ, దానికి తృప్తి అని పేరు పెట్టి, మా చేతే చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. నాకు మండింది అక్కడే.

మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఓడ ఒడ్డుకు అంత దగ్గరగా ఉంది కాబట్టి సిగ్నల్‌కు లోటు లేదు. ఎడూఫుల్ గారు!

"ఏం జరుగుతోందయ్యా అక్కడ? మంగళవారం పూట సముద్రంలోకి ఎలా వెళ్ళారు?"

"తమరి గొర్రెను ఇవ్వడానికండీ."

"ఇచ్చేశారుగా! ఇంకా అక్కడేం పని? గంట గంటకీ మాకెంత నష్టమో తెలుసా? వాళ్ళకు ఏం కావాలో కనుక్కో. ఏదడిగితే అది ఇస్తానని చెప్పు!"

చుట్టూ చూశాను. పిల్లగాలి వీస్తోంది. ఎకువా పడవ అంచుకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. అబెకు, ఎన్నాళ్ళకో, నీళ్ళు నల్లబడే చోటు వైపు చూస్తున్నాడు.

"వీళ్ళకేమీ వద్దండీ," అన్నాను. "వల వెయ్యడం లేదు, చేప అడగడం లేదు. తమరు చెప్పినట్టే తక్కువ తిని, ఎక్కువ నవ్వుకుంటూ ఉన్నచోట తృప్తిగా కూర్చున్నారు. ఇక్కణ్ణించి కదలాలన్న ఆశయం ఒక్కడికి కూడా లేదు."